కాలకుండానే నల్లబడ్డ కేకు

ఒక కేకును కాల్చకుండానే నల్లగా మార్చవచ్చని సికింద్రాబాదుకు చూపించినవాణ్ని నేనే. కాల్చి నల్లగా చేయడం ఎవరికైనా చేతనవుతుంది, అందులో గొప్పేముంది? లోపల పచ్చి, పైన మసి, గంటసేపు పొయ్యిలో కూర్చున్నా ఏ మాత్రం పొంగని కేకు తయారు కావాలంటే ప్రత్యేకమైన తెలివి ఉండాలి. ఆ తెలివి నాకు అప్పట్లో పుష్కలంగా ఉండేది. చెబుతాను, నవ్వండి. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లలో సగం మందికి నవ్వే ఓపిక లేకపోయింది, వాళ్ల వంతు కూడా మీరే నవ్వాలి.

రెజిమెంటల్ బజారులో నాదొక డబ్బా కొట్టు. గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాణ్ని. ఎనిమిదో తరగతిలో నాకూ బడికీ ఒక ఒప్పందం కుదిరింది: నేను వెళ్లను, అది పిలవదు. ఇద్దరమూ మాట మీద నిలబడ్డాం. ఆ తర్వాత నేర్చిన విద్యంతా ఒక పిన్నీసు మొన మీద ఇమిడిపోయింది. పొయ్యి సరిగా మండటం లేదా? బర్నరు తీసి, గ్యాస్ వచ్చే జెట్టు రంధ్రంలో పిన్నీసు పెట్టి తిప్పు. మంట తక్కువా? పిన్నీసు. ఎక్కువా? అప్పుడూ పిన్నీసే. ఒకాయన మిక్సీ తిరగడం లేదని తెస్తే దాన్ని కూడా ఒకసారి పొడిచి చూశాను. నమ్మండి, చాలా పొయ్యిలు నిజంగానే బాగుపడేవి. వచ్చిన చిక్కల్లా అదే. పది పొయ్యిలు బాగుపడితే మనిషి తనను తాను డాక్టరనుకుంటాడు.

చిలకలగూడలో యాదగిరన్న బేకరీ ఉండేది. మామూలు రోజుల్లో బన్నులు, రొట్టెలు. క్రిస్మస్ దగ్గరపడిందంటే మాత్రం ఆ బేకరీ సగం చర్చి అయిపోయేది. చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ల ఆడవాళ్లు కేకు పిండి ఇంట్లోనే కలుపుకుని, రేకు డబ్బాల్లో పోసి, డబ్బా మీద పేరు అంటించి తెచ్చేవారు. కాల్చి ఇవ్వడం వరకే యాదగిరన్న పని. ఎవరి పిండి వాళ్లది, ఎవరి గుట్టు వాళ్లది. పక్కావిడ డబ్బాలోకి తొంగి చూడటం కూడా పాపాల పద్దులోకే వస్తుందన్నట్టు ఉండేవారు.

సరిగ్గా పండగ ముందు రోజు పొద్దున యాదగిరన్న ఫోను.

"సత్తీ, జెర జల్ది రారా. పొయ్యి మొండికేసింది. మాటిమాటికి బంద్ అయితున్నది. లైన్ల ఆడోళ్లు నిలబడ్డరు, నేను పరేషాన్ల ఉన్న."

"వస్తున్న అన్నా. నేనొచ్చినంక ఏ పొయ్యి మొండికేస్తదో చూస్త."

వెళ్లాను. వరసలో అందరికంటే ముందు సునీత అనే కోడలు, ఆమె వెనకే అత్తగారు రూతమ్మ. రూతమ్మ గారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. రిటైరైంది బడి నుంచే, చెప్పడం నుంచి కాదు. వాళ్ల ఇంట్లో పండగ కేకు ఏటా ఆవిడే కలిపేది, కాల్చిన చక్కెర పాకంతో. ఆ ఏడు మొదటిసారి కోడలి చేతికి వదిలింది. కోడలేమో పాకం పక్కనబెట్టి తాటిబెల్లం, శొంఠి వేసింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు నేరుగా నడవడం లేదు. నేను వెళ్లేసరికి ఇద్దరికీ ఒక టెలిఫోను దొరికినట్టయింది.

"ఏమయ్యా సత్తయ్యా, నువ్వు నాలుగిళ్లు తిరిగేవాడివి. కేకులో తాటిబెల్లం వేసినవాళ్లని ఎక్కడైనా చూశావా?"

"అన్నా, బొల్లారంల మా అమ్మ గట్లనే చేస్తుండె అని చెప్పు."

"వాళ్లమ్మ చేసింది నేను తినలేదని చెప్పు. సాయంత్రం చర్చి పాటలవాళ్లు ఇంటికి వస్తారు. వాళ్ల ముందు పెట్టేది ఇదే. సరిగ్గా రాకపోతే వచ్చే ఏటి నుంచి మళ్లీ నేనే కలుపుతానని కూడా చెప్పు."

ఆ టెలిఫోను వంగి సంచిలోంచి పానా తీసుకుంది. అత్తగారు అటు తిరిగాక సునీత మెల్లగా అంది, "మంచిగ కాల్పియ్యి అన్నా. అమ్మ పోయినంక ఆ రుచి ఏడ దొరకలే నాకు. ఈసారి ఇది కరాబైతే, ఇగ ఆ ఇంట్ల మళ్ల చెయ్యనియ్యరు."

ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది. ఉబ్బకుండా ఉంటే కేకైనా ఉబ్బేదేమో.

ఆ పొయ్యి సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా ఘనత మీకు పూర్తిగా అర్థం కాదు. లోపల అడుగున పెద్ద బర్నరు. దాని పక్కన చిటికెన వేలి గోరంత నీలి మంట, పైలట్ అంటారు. ఆ చిన్న మంట ఏమీ వండదు. రోజంతా ఒక రాగి పుల్ల కొనను వేడి చేస్తూ కూర్చుంటుంది. కొన వేడిగా ఉన్నంతసేపే వాల్వు తెరుచుకుని ఉంటుంది, పెద్ద బర్నరుకు గ్యాస్ వెళ్తుంది. చిన్న మంట ఆరితే పుల్ల చల్లారి వాల్వు 'టక్'మని మూసుకుంటుంది. మండని గ్యాస్ గదంతా నిండకుండా అదొక కాపలా. వెలిగించేటప్పుడు పుల్ల ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి, అది వేడెక్కేదాకా ఎర్ర బటన్‌ను వేలితో నొక్కి పట్టుకోవాలి.

ఇదంతా ఇప్పుడు తెలిసి చెబుతున్నాను. ఆ రోజు నాకు కనిపించింది ఒకటే: మంట చిన్నగా ఉంది, పైగా అటూ ఇటూ ఊగుతోంది.

"అన్నా, ఆ వెనక తలుపు తెరిచిండ్రు కద, గాలి సక్కగ దానికే కొడ్తున్నది," అంది సునీత.

"అమ్మా, మీరు కేకు సంగతి చూస్కోండ్రి. మంట సంగతి నాకిడ్సిపెట్టుండ్రి."

పైలట్ జెట్టు విప్పాను. దాని రంధ్రం వెంట్రుక దూరేంత సన్నం. పాపం ఇంత సన్నని గొంతుతో ఎలా ఊపిరి తీస్తోందో అని జాలిపడి, పిన్నీసు పెట్టి, బలంగా తిప్పాను. బిగించి వెలిగించాను. అబ్బో, ఏం మంట! గోరంత నీలి మంట పోయి, అరచేయంత పసుప్పచ్చని మంట నాలుక చాపి లేచింది. ఎలుక కన్నాన్ని వెడల్పు చేస్తే పందికొక్కు దూరిందంటారే, అదే ఇది. నాకు మాత్రం దీపావళి కనిపించింది.

"సూడు యాదన్నా, ఇది మంటంటే!"

బటన్ వదిలాను. టక్. మంట ఆరింది. మళ్లీ వెలిగించి, మళ్లీ వదిలాను. టక్. ఆ పచ్చ మంట పొగలు కక్కుతూ రాగి పుల్ల మీద నుంచి పక్కకు వాలిపోతోంది. పుల్లకు వేడి బదులు మసి అందుతోంది. ఇది కూడా ఇప్పుడు చెబుతున్నదే. అప్పుడు నేనిచ్చిన తీర్పు వేరు.

"అన్నా, ఈ వాల్వుకు అనుమానం రోగమున్నది. మంట ముందలనే ఉన్నా నమ్ముతలేదు."

"మరేం జేద్దాం రా?"

యాదగిరన్న పిండి ఒత్తే కర్ర తీసుకున్నాను. ఒక కొన ఎర్ర బటన్ మీద, ఇంకో కొన ఎదుటి మైదా బస్తాకు ఆనించి బిగించాను.

"గిది మంచిదేనా సత్తీ?"

"వేలు చేసే పనే కట్టె చేస్తది. వేలైతే నొప్పి పుడ్తది, కట్టెకు పుట్టదు."

ఎంత గొప్ప తర్కం! వరసలో ఉన్న మిగతా ఆడవాళ్లు మాత్రం నాకంటే తెలివైనవాళ్లు. "ముందు వాళ్లది పెట్టండి, చూసి మావి పెడతాం" అని తమ డబ్బాలు గుండెలకు హత్తుకున్నారు. సునీతకు ఆ వీలు లేదు. కలిపిన పిండి ఎంతసేపని ఆగుతుంది? యాదగిరన్న అలవాటు ప్రకారం పొయ్యిలోకి చెయ్యి పెట్టి చూశాడు. పొద్దున బన్నులు కాల్చిన వేడి ఇటుకల్లో ఇంకా ఉంది. "వేడి మంచిగనే ఉన్నది" అన్నాడు. డబ్బా లోపలికి వెళ్లింది, తలుపు మూశాం.

నేను పొయ్యికి చేరగిలబడి నిలబడ్డాను.

"చూసిండ్రా టీచరమ్మా! ఇంతకుముందు భుస్సుమని ఒకటే లొల్లి చేస్తుండె. ఇప్పుడు చప్పుడున్నదా? గిట్ల స్మూత్‌గ నడిచే పొయ్యి చిలకలగూడల ఇంకోటి చూపియ్యుండ్రి."

రూతమ్మ గారు చెవి ఒగ్గి విన్నారు. "నిజమే. బొత్తిగా చప్పుడు లేదు," అన్నారు. ఆ గొంతులో మెచ్చుకోలు ఉందనుకున్నాను. నిండు కుండ తొణకదని చిన్నప్పుడు విన్నాను. ఖాళీ కుండ కూడా తొణకదని ఎవరూ చెప్పలేదు.

మధ్యలో సునీత రెండు మూడుసార్లు అడిగింది, "ఒక్కసారి తెరిసి చూద్దామా అన్నా?"

"తెరిస్తే కేకు కూసుంటదమ్మా! ఓపిక పట్టండ్రి."

అది నిలబడితే కదా కూర్చోవడానికి.

గంట గడిచింది. తలుపు తెరిచాను. ముందు ఒక పొగ మేఘం బయటికి వచ్చి నా ముఖాన్ని పలకరించింది. దాని వెనక డబ్బా. పైన కాటుక పూసినట్టు నున్నటి నలుపు. యాదగిరన్న డబ్బాను కాస్త వంచాడు. ఆ నలుపు చెరువు మీద నాచులా మెల్లగా పక్కకు జరిగింది, కింద పిండి బుడుంగుమంది.

"మాడిందా?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"కాలనే లేదు," అన్నాడు యాదగిరన్న.

"మరి నల్లగుంది?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ బేకరీలో ఒక్కడి దగ్గరే ఉంది. ఆ ఒక్కడు వంగి పొయ్యి కిందకు చూశాడు. పచ్చ మంట పొగలు కక్కుతూ హాయిగా వెలుగుతోంది. పెద్ద బర్నరు దగ్గర మంట జాడ లేదు. బటన్ నొక్కి ఉన్నంతసేపు పైలట్‌కు తప్ప పెద్ద బర్నరుకు గ్యాస్ వెళ్లకుండా ఆ వాల్వును తయారు చేశారట. అంటే, ఎక్కడో, ఎవరో, నన్ను ఎన్నడూ చూడని మనిషి, బల్ల ముందు కూర్చుని వాల్వు బొమ్మ గీస్తూ, ఏదో ఒక రోజు ఒకడు వచ్చి దీనికి కట్టె బిగిస్తాడని ముందే ఊహించాడు. ఊహించి, ఆ మూర్ఖుణ్ని, వాడి చుట్టూ ఉన్నవాళ్లను కాపాడే ఏర్పాటు చేసి వెళ్లిపోయాడు. నా జాతకం అంత కచ్చితంగా ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆ మనిషి గురించే ఆలోచించాను. మనల్ని తెలివైనవాళ్లని నమ్మేవాళ్లు చాలామంది దొరుకుతారు. మన తెలివితక్కువతనాన్ని కూడా ప్రేమగా లెక్కలోకి తీసుకునేవాళ్లు ఎందరుంటారు?

ఆ క్షణంలో మాత్రం అంత వేదాంతం లేదు. సునీత కళ్లల్లో నీళ్లు. రూతమ్మ గారు డబ్బా దగ్గరికి వచ్చారు. చెంచాతో మసిని ఒక పక్కకు తీసి, వేలితో పచ్చి పిండి కాస్త తీసుకుని నాలుక మీద పెట్టుకున్నారు. ఆవిడ ఇంకోసారి తీసుకున్నారు.

"పిండిలో ఏ తప్పూ లేదు," అన్నారు. "తాటిబెల్లం పనికిరాదని ఎవరన్నారు?"

"మీరే అన్నరు అత్తయ్యా."

"తినకముందు అన్నాను."

అంతే, మధ్యలో టెలిఫోను అవసరం తీరిపోయింది. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి పని నన్ను తిట్టడమేనని తర్వాత తెలిసింది. ఒకరు వ్యాకరణంతో, ఇంకొకరు బొల్లారం బాణీలో. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు అందుకున్నారు. ఏ వాల్వూ మధ్యలో మూసుకోలేదు.

రాణిగంజ్‌కు పరుగెత్తి కొత్త జెట్టు తెచ్చి బిగించాను. రాగి పుల్ల మసి తుడిచాను. చివరికి సిగ్గు చంపుకుని వెళ్లి వెనక తలుపు మూశాను. నీలి మంట ఊగడం ఆపి, బుద్ధిగా పుల్ల కొనకు అంటుకుని నిలబడింది. దానికొచ్చిన జబ్బల్లా ఆ గాలే. జెట్టుకు పొద్దున ఏ రోగమూ లేదు, నేను వచ్చేదాకా.

అత్తాకోడళ్లు ఇంటికి వెళ్లి, పక్కపక్కన నిలబడి మళ్లీ పిండి కలుపుకుని వచ్చారు. ఈసారి పొయ్యి భుస్సుమంది. ఆ లొల్లి నాకు మంగళవాద్యంలా వినిపించింది. కేకు పొంగింది, గోధుమరంగు తిరిగింది, వీధి చివరిదాకా శొంఠి వాసన వచ్చింది.

సాయంత్రం నన్నూ రమ్మన్నారు. పాటలవాళ్లు పాడి కూర్చున్నాక రూతమ్మ గారు కేకు పంచుతూ అందరికీ పరిచయం చేశారు: "ఈ కేకు మా కోడలు సునీత చేసింది. వచ్చే ఏడు కూడా తనే చేస్తుంది. ఇతను సత్తయ్య, పొద్దున పొయ్యిని చెడగొట్టాడు. ఇద్దరికీ ఎవరి పనిలో వాళ్లకు మంచి పట్టుంది."

అందుకని, చదువుతున్న మీ అందరి సాక్షిగా, గోరంత నీలి మంట సాక్షిగా, ఎనిమిదో తరగతి పాసు కాని నా నోటితో ఇదే ప్రమాణం చేస్తున్నాను: చప్పుడు లేకుండా ఉన్న దేన్నీ ఇకమీదట నా గొప్పతనం ఖాతాలో వేసుకోను. ఇంట్లో మా ఆవిడ ఒక పూటంతా మాట్లాడకుండా ఉన్నా సరే, సంసారం సాఫీగా నడుస్తోందని మురిసిపోకుండా, ముందు వంగి చూస్తాను, మంట ఎక్కడ ఆరిందో.