పక్క చెరువు బాబాయి అనుమానం

మా పక్క చెరువు బాబాయి పోయారు. పోయిన మంగళవారం నేను రొయ్యలకి మేత చల్లుతుంటే పిన్ని రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి చెప్పింది. మా చెరువుల నీళ్లు పోయే కాలవ, డ్రెయిన్‌లో దిగినప్పుడు ఆయన కాలికి నత్తగుల్ల కోసుకుంది. ఆ పుండే మూడు వారాల్లో మనిషిని తీసుకుపోయింది.

బాబాయికి అందరి మీదా అనుమానమే. మేత బస్తా విప్పితే గుప్పెడు తీసి వాసన చూడాల్సిందే. మాత్రలు రాసిన డాక్టరు గారిని కూడా "ఇది దేనికండి, ఎన్నాళ్లు వాడాలండి" అని అడిగి, జ్వరం తగ్గినా చెప్పినన్ని రోజులూ మింగేవారు. ఇంకొకరు వాడగా మిగిలిన మాత్ర ఇస్తే ముట్టుకునేవారు కాదు. మేం నవ్వుకునేవాళ్లం. నాకు చెరువు పని నేర్పింది మాత్రం ఆయనే. ఆయన లేకపోతే నేనెప్పుడో దుకాణం సర్దేసేవాణ్ణి.

రెండేళ్ల కిందట నా చెరువులో రొయ్యలు చచ్చి తేలాయి. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, ఈసారి రొయ్య పిల్లల్ని పల్చగా వెయ్యమన్నారు బాబాయి. నాకేమో పంట పోతుందని భయం. ఒకతను పేరులేని తెల్ల కవర్లలో పౌడరు తెచ్చిచ్చాడు. అది యాంటీబయాటిక్ అనీ, మేతలో కలపకూడదనీ నాకు తెలుసు. అయినా కలిపాను. జబ్బు పోయాక కూడా, మళ్లీ రాకుండా ఉంటుందని కలుపుతూనే ఉన్నాను. ఖాళీ కవర్లు డ్రెయిన్‌లో పడేసేవాణ్ణి. నా చెరువు నీళ్లూ అందులోకే పోతాయి.

ఒకరోజు బాబాయి గట్టు మీద ఆగారు.

"మేతలో ఏం కలుపుతున్నావురా?"

"విటమిన్ పౌడరండి బాబాయ్."

నా చేతులకేసి చూశారు. "రోజూ మందు పెడితే రొయ్య బాగుపడదురా. పురుగు రాటుదేలుద్ది," అని వెళ్లిపోయారు.

బాబాయిని చూడ్డానికి వెళ్లినప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ చీము పరీక్ష కాగితం మా ముందు పెట్టి, ఒక్కో మందు పేరు మీద వేలు పెడుతూ, ఇది పనిచెయ్యదు, ఇదీ పనిచెయ్యదు అంటూ పోయింది. ఆ బాక్టీరియా వాటన్నిటికీ తట్టుకుంటోందట. ఎక్కడ అంటుకుందో చెప్పలేమంది. అప్పట్నుంచి నాకు నా మీదే అనుమానం. ఇలాంటి మాటలు పోయినవాళ్ల గురించి రాసే స్మృతిలో రాయరని తెలుసు, కానీ మీకు ఇంకోలా చెప్పలేను.

నిన్న పిన్ని నన్ను తీసుకెళ్లి బాబాయి మోటారు షెడ్డు తెరిచింది. గోడకి కట్టిన బైండింగు వైరుకి నేను డ్రెయిన్‌లో పడేసిన తెల్ల కవర్లు వరసగా గుచ్చి ఉన్నాయి. అన్నీ కడిగి ఆరేసినవే. ఒక్కోదాని మీద బాబాయి చేత్తో రాసిన తారీకు.

"ఏంట్రా ఇవి?" అంది పిన్ని.

ఈసారి నిజం చెప్పాను. పిన్ని వైరు చివరనున్న కవరు కేసి చూస్తూ ఉండిపోయింది. దాని మీద తారీకు బాబాయి కాలు కోసుకున్న రోజుది. అదొక్కటే కడగలేదు. డ్రెయిన్ బురద ఎండిపోయి ఇంకా దానికి అంటుకునే ఉంది.