వాయిదా వరకే

ఎనభైల్లో ఒకసారి ఉరవకొండ నుంచి బెళుగుప్పకు పోయే బస్సులో ఒక రైతు నా పక్కన కూర్చున్నాడు. యూరియా సంచి ప్లాస్టిక్‌లో చుట్టిన కాగితం తీసి, "దీంట్లో ఏం రాసినారో జూసి సెప్పన్నా" అన్నాడు.

అది ఇంగ్లీషులో ఉన్న కోర్టు ఆర్డరు. వాళ్ల ఊరి పెద్దాయన గానీ, ఆయన మనుషులు గానీ, గొడ్లు గానీ ఇతని చేలోకి రాకూడదని ఉంది. చదివి చెబుతుంటే నాకు కడుపు మండింది. మా చేలోకీ ఒక పెద్దాయన అప్పటికి మూడేళ్లుగా గొడ్లను తోలిస్తున్నాడు. చదువుకున్న నేను ఏటా ఆయన ఇంటికి పోయి దండం పెట్టి వస్తున్నాను. సంతకం రాని ఇతను కోర్టుకెక్కాడు.

"ఇది తాత్కాలికమేనప్పా. వచ్చే వాయిదా వరకే పన్జేస్తాది" అన్నాను. అతని ముఖం వాడిపోతే చూడాలనిపించింది.

"వాయిదా ఎప్పుడన్నా?"

"ఇంగా రెండు నెల్లుండాది."

అతను వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుని నవ్వాడు. "సాలన్నా. అంతలోకి శెనక్కాయ పీకేస్తాం."

కాగితాన్ని మళ్లీ జాగ్రత్తగా చుట్టుకుంటూ, "నీ చేను యాడన్నా?" అని అడిగాడు.

నాకు చేను లేదన్నాను.