కదలని పెళ్ళికూతురు

ఫోన్‌లో పెళ్ళి చూడటం ఇప్పుడంటే మంచినీళ్ళు తాగినంత సులువు గానీ, ఆ రోజుల్లో మా నౌపడలో నెట్ అంటే ఉప్పుమళ్ళ మీది ఎండ కాదుగా, అడక్కుండానే వచ్చి పడటానికి! డిగ్రీ తప్పి, పెళ్ళి వీడియోలు తీసే షాపులో చేరాను. వీడియోని కంప్యూటర్‌లో చిన్నది చేసి నెట్‌లోకి ఎక్కించడం అక్కడ నాకొక్కడికే వచ్చు. ఓనరు నన్ను 'ఇంజినీరు' అని పిలిచేవాడు (వెటకారమని నాకు చాలాకాలం తెలియలేదు).

భావనపాడులో ఒక పెళ్ళి తీశాం. పెళ్ళికూతురి నాన్న గుజరాత్ బోట్ల మీద చేపల వేటకెళ్ళి ముహూర్తానికి అందలేకపోయాడు. పెళ్ళి మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ షాపుకొచ్చింది. "బాబూ, మా ఆయన బోటు ఇయ్యాల అక్కడ ఒడ్డుకొచ్చినాది. రేపు తెల్లారితే మళ్ళీ ఎలిపోతాది. సంద్రంలో సిగ్నల్ ఉండదు. ఈలోగా పిల్ల మొహం సూపించాల నాయినా" అంది.

"దానికేటి పిన్నీ, సిటికెలో పని!" అన్నాను.

పెళ్ళి మొత్తం అలాగే ఎక్కించాలంటే మా నెట్‌కి వారం పడుతుంది. అందుకని వీడియోని గట్టిగా పిండి బాగా చిన్నది చేశాను. వీడియోని పిండినప్పుడు కంప్యూటర్ కదలనిదాన్ని ఒకసారి రాసుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. కదిలేదాన్ని మాత్రం ప్రతిసారీ కొత్తగా రాసుకోవాలి. చోటు మరీ తక్కువిస్తే కదిలేవన్నీ గళ్ళుగళ్ళుగా పగిలిపోతాయి. ఇదంతా నాకు తెలుసు. తలంబ్రాల్లో ప్రతి గింజా కదులుతుందన్న సంగతే బుర్రకి తట్టలేదు. పైగా ఆ పిల్ల, పీటల మీద కూడా నోరూ తలా ఆపే రకం కాదు.

మధ్యాహ్నం గుజరాత్ నుంచి ఫోను. "ఒరే బాబూ, కుర్సీలు కనిపిస్తన్నాయి. కుర్సీలో నిద్దరోతన్న మా తమ్ముడి మీసం కూడా కనిపిస్తన్నాది. నా కూతురి మొహం మాత్రం గళ్ళలుంగీ లాగున్నాదిరా!"

సిగ్గుతో చచ్చిపోయాను. కెమెరా పట్టుకుని బండి మీద భావనపాడు పరిగెత్తాను. పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉంది. తెల్లగోడ ముందు కూర్చోబెట్టి, "కదలకమ్మా. కదిల్తే మీ నాన్నకి మళ్ళీ లుంగీయే!" అన్నాను. అది బిగుసుకుని కూర్చుంది. "పుట్టినకాడ్నుంచి ఇంతసేపు ఇది నోరు ముయ్యలేదు" అని వాళ్ళమ్మే ఆశ్చర్యపోయింది. షాపుకొచ్చి ఆ చిన్న ముక్కనీ అలాగే పిండి ఎక్కించి, మళ్ళీ వాళ్ళింటికి పరిగెత్తాను. వాళ్ళమ్మ ఆయనకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అవతల ఆయన పక్కవాడి ఫోన్‌లో వీడియో చూస్తున్నాడు.

"ఏట్రా, ఫొటో పంపినావా? ఈడియో ఆగిపోనాది."

"ఆగలేదు బాబాయ్. అలాగే సూడు."

"నా కూతురు ఇలాగ కూకోదురా. ఇది ఫొటోయే."

వీడియో చివర్లో పిల్ల ఇక ఆపుకోలేక, చేతులు రెండూ ముందుకి చాచి, "నాన్నా, తిన్నావా?" అని ఏడ్చేసింది. మొహమంతా మళ్ళీ గళ్ళు పడుతుందని నాకు తెలుసు. స్పీకర్‌లో ఆ ఏడుపు వినపడగానే కళ్ళు మూసుకున్నాను.

"గళ్ళు పడినాదిరా..." అన్నాడాయన. "అయితే నా కూతురే."

ఇప్పుడు నేను పంపే వీడియోల్లో కంటిరెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఎప్పుడైనా బొమ్మ గళ్ళు పడితే ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. నాకు మాత్రం నవ్వొస్తుంది. కళ్ళు గట్టిగా మూసుకుని తిట్ల కోసం ఎదురుచూస్తున్న ఆ ఇంజినీరు గుర్తొస్తాడు, పాపం.