బెత్తెడు తక్కువ

ఆ రంపపు మిల్లులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఓనరు కూడా జీతాలిచ్చే రోజున "బెత్తెడు ఏడీ?" అనే అడుగుతాడు.

పేరు ఊరికే రాలేదు. మిల్లులో గోడ వారగా, మోకాలెత్తున, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక ఇనప కడ్డీ తిరుగుతూ ఉంటుంది. దాని మీద వరసగా చక్రాలు. ఒక్కో చక్రం నుంచి ఒక్కో తోలు బెల్టు ఒక్కో మిషను దాకా వెళ్తుంది. పాత ఇంజను ఒకటి దగ్గుకుంటూ కడ్డీని తిప్పితే, కడ్డీ బెల్టుల్ని లాగితే, బెల్టులు మిషన్లని తిప్పితే, దుంగలు పలకలై బయటికొస్తాయి. ఆ బెల్టుల్ని కొలిచి, కోసి, కుట్టి ఎక్కించడం ఆయన ఉద్యోగం. టేపు ముట్టుకోడు. రెండు చేతులూ చాపి బారలు లెక్కపెడతాడు. లెక్క తేలాక నాలుగు వేళ్లు తోలు మీద ఆనించి, ఆ బెత్తెడు మేర తగ్గించి కోస్తాడు. తోలు ఎలాగూ సాగుతుంది, పొట్టిగా కోస్తేనే బిగువుగా ఉంటుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం అన్నది పెద్ద మాటే, కానీ ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే కాబట్టి కాస్త మర్యాద ఇద్దాం.

లోకంలో కష్టాలన్నీ వదులు వల్ల వచ్చాయని ఆయన గట్టి నమ్మకం. ఇంట్లో కుళాయి ఆయన కట్టేస్తే మళ్లీ తిప్పడానికి పట్టుకారు కావాలి. డబ్బాల మూతలు తీయలేక భార్య సగం సామాను కాగితం పొట్లాల్లోనే ఉంచుతుంది. కళ్లజోడు మరలు బిగించి బిగించి ఒక కాడ విరగ్గొట్టాడు, అప్పట్నుంచి దారం కట్టుకుని తిరుగుతున్నాడు. ఆ దారం కూడా చెవి కందేంత బిగువుగా ఉంటుంది.

కోసేసిన బెత్తెడు ముక్కలు మాత్రం పారేయడు. అన్నీ ఇంటికి చేరతాయి. తలుపులకి తోలు బందులు, కత్తికి తోలు పిడి, కిటికీ రెక్కలు కొట్టుకోకుండా తోలు అడ్డు, మంచం ఊగకుండా కోడు కింద తోలు ముక్క. గుమ్మంలో అడుగు పెడితే చెప్పుల కొట్లోకి వచ్చామా అనిపిస్తుంది.

"ఈ ముక్కలన్నీ కలిపి కుడితే ఇంకో మిల్లు నడుస్తుంది" అంటుంది భార్య.

"నవ్వు. అవసరానికి ఏదో ఒకటి పనికొస్తుంది" అంటాడాయన.

పనికొచ్చిన సందర్భం మాత్రం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

ఇలా ఉండగా ఓనరు ఎక్కడో మూతపడిన కార్ఖానా నుంచి పెద్ద చిత్రిక మిషను ఒకటి కొనుక్కొచ్చాడు. పలకల్ని నున్నగా చిత్రిక పట్టే ఆ మిషను ఏనుగంత ఉంది. దాన్ని కడ్డీకి దూరంగా పెట్టాల్సింది, కానీ అక్కడ ఓనరు కారు నీడపట్టున నిలబడాలి. కారుకి ఎండ తగలకూడదు, మనుషుల సంగతి వేరు. అందుకని మిషనుని కడ్డీకి బాగా దగ్గరగా లాగి, కింద సిమెంటు పోసి, కదలకుండా పాతేశారు. కడ్డీ మీద చక్రం బండి చక్రమంత. మిషను మీద చక్రం అన్నం పళ్లేనికి తక్కువ.

బెత్తెడు బారలు కొలిచి, బెత్తెడు తగ్గించి కోసి, బెల్టు ఎక్కించాడు. ఖాళీగా తిరిగినంతసేపూ మిషను బుద్ధిగానే ఉంది. పలక లోపలికి తోయగానే బెల్టు చక్రం మీద జర్రున జారి, కీచుమని అరిచి, మిషను ఆగిపోయింది.

"ఏమయ్యా బెత్తెడూ, ఏనుగుని కొన్నానా, బొమ్మని కొన్నానా?" అన్నాడు ఓనరు.

"ఇంకాస్త బిగిస్తే సరిపోద్దండి."

"సరిపోతే సరే. లేకపోతే మోటార్లు అమ్మే ఆయన సోమవారం వస్తానంటున్నాడు. ఒక్కో మిషనుకి ఒక్కో మోటారు పెట్టేస్తే ఈ కడ్డీ, ఈ తోళ్లు, ఈ గోల ఏమీ ఉండదు."

తోళ్లు పోతే తోళ్లాయన కూడా పోతాడని ఓనరు అనలేదు. అనక్కర్లేదు. మిల్లులో రంపాలు సైతం ఒక్క క్షణం ఆగి విన్నట్టనిపించింది ఆయనకి. ఈ వయసులో చేతులు చాపుకుని బారలు కొలిచేవాడికి ఇంకెవరు పని ఇస్తారు?

ఇంట్లో కూతురు ఉంది. పాలిటెక్నిక్ ముగించి, ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతూ, జవాబు రాని ప్రతిసారీ ఆ కోపం నాన్న మీద తీర్చుకుంటూ ఉంటుంది. సంగతి విని లావుపాటి పుస్తకం తీసింది.

"ఎంత బిగించాలో లెక్క కట్టొచ్చు నాన్నా. ఇందులో ఉంది."

"అది రాసినాయన ఎప్పుడైనా బెల్టు ఎక్కించాడా?"

"ఎక్కించకపోయినా లెక్క మారదు."

"అయితే ఆయన్నే వచ్చి ఎక్కించమను."

అయినా సాయంత్రానికి లెక్క తెచ్చింది. అంత బిగువు అక్కర్లేదంది, బెత్తెడు తగ్గించకుండా కోయమంది. పీక మీద కత్తి ఉంది కాబట్టి ఆయన పళ్లు కొరుక్కుంటూ అలాగే కోశాడు. మర్నాడు పలక తోశారు. బెల్టు ఈసారి జారడంతో ఆగలేదు. చక్రం మీద నుంచి లేచి, గోడకి చాచి కొట్టి, తోలు కాలిన వాసన మిల్లంతా వదిలింది.

తన ఉద్యోగం ఊడబోతోందన్న బాధ కంటే కూతురి లెక్క తప్పిందన్న ఆనందమే ఆయన మొహంలో ఎక్కువ కనిపించింది. మనిషన్నాక అంతే. వెంటనే మొదటిసారి కంటే కూడా బిగువుగా కోసి కుట్టాడు. ఈసారి బెల్టు జారలేదు. కానీ కాసేపటికే కడ్డీని మోసే బేరింగు పొగ కక్కింది. నీళ్లు చల్లితే బుస్సుమంది. మేస్త్రి వచ్చి వేలు ఆనించబోయి, మానుకుని, ఓనరు వైపు చూశాడు. ఓనరు జేబులోంచి ఫోను తీశాడు. సోమవారం మోటార్లాయన రావడం ఖాయమైంది.

ఆదివారం మిల్లుకి సెలవు. కూతురు పురికొస ఉండ పట్టుకుని మిల్లుకి బయల్దేరింది. ఆయన వెనకాలే వెళ్లాడు, తప్పు పట్టడానికి ఎవరో ఒకరుండాలి కదా. ఆయన వెనక బామ్మర్ది. ఈ బామ్మర్ది ఏ పనీ చేయడు. కాకపోతే పని జరిగే చోటల్లా కూర్చుంటాడు. ఎక్కడ కూర్చుంటే అక్కడ కుర్చీ మూలుగుతుంది.

కూతురు మిషను మీది చిన్న చక్రం దగ్గర వంగి, బెల్టు చక్రాన్ని ఎంతమేర తాకుతోందో పురికొసతో కొలిచింది. తర్వాత చక్రం చుట్టూ కొలిచింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి నేల మీదే కూలబడింది.

"ఛ. పుస్తకంలో బొమ్మ రెండు చక్రాలూ ఒకే సైజులో గీశాడు. బెల్టు సగం చక్రాన్ని చుట్టుకుని ఉంటుందనుకున్నాను. ఇక్కడ ఐదు వంతుల్లో రెండు వంతులే తాకుతోంది."

"నేను ముందే చెప్పాను ఆ పుస్తకం..."

"నువ్వు చెప్పింది ఏదీ లేదు నాన్నా. నువ్వు బిగించావు."

తలుపు మీద సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టింది. మిషనుకి ఎనిమిది గుర్రాల బలం కావాలి. బెల్టు సెకనుకి పది మీటర్లు పరిగెడుతోంది. అంటే అది అరవై కిలోల లాగుడు లాగాలి.

"అరవై ఏమిటి, నేను రెండొందలు బిగిస్తాను."

"బిగువు కాదు, తేడా. బెల్టుకి రెండు వైపులుంటాయి. ఒకటి లాగే వైపు, ఒకటి వదులుగా తిరిగొచ్చే వైపు. ఈ రెండింటి తేడాయే పని చేసేది. రెండు వైపులా రెండొందలు ఉంటే తేడా సున్నా. అంటే నువ్వు చేసేది బెల్టు కాదు, కట్టుగొయ్యకి కట్టిన తాడు."

బామ్మర్ది నవ్వాడు. ఆయన బామ్మర్ది వైపు చూశాడు. నవ్వు ఆగింది.

"ఇంత కొంచెమే చుట్టుకుంటే, జారకుండా ఉండాలంటే లాగే వైపు వదులు వైపుకి రెండింతలే ఉండగలదు. అరవై తేడా రావాలంటే ఒకవైపు నూట ఇరవై, ఇంకోవైపు అరవై. రెండూ కలిపి నూట ఎనభై కిలోలు బేరింగు మీద పడతాయి. నువ్వు ఇంకా బిగించావు, అది పొగ కక్కింది. అదే బెల్టు చక్రాన్ని సగం దాటి చుట్టుకుందనుకో, మూడింతలు ఉండొచ్చు. ఒకవైపు తొంభై, ఇంకోవైపు ముప్పై. తేడా అదే అరవై. బేరింగు మీద మాత్రం నూట ఇరవయ్యే."

ఆయన సుద్దరాతల దగ్గరికి వచ్చి కళ్లజోడు దారం సర్దుకున్నాడు. లెక్క అర్థమైందో లేదో గానీ, బేరింగు మీద భారం తగ్గుతుందన్న ముక్క మాత్రం చెవికెక్కింది.

"మిషను సిమెంట్లో పాతేశారు. ఎలా చుట్టుకుంటుంది?"

"వదులు వైపు పైనుంచి ఒక ఉత్తి చక్రంతో కిందకి నొక్కితే చుట్టుకుంటుంది. అయితే బెల్టు పొడుగ్గా ఉండాలి. వేలాడేంత."

వేలాడేంత అన్న మాట వినగానే ఆయన చొక్కా పై గుండీ తడుముకున్నాడు. అది పెట్టుకునే ఉంది.

వేరే దారి లేదు. మూలన పడి ఉన్న దూలాన్ని ఒక చివర స్తంభానికి బందు వేసి, మధ్యలో పాత చక్రం బిగించి, బెల్టుకి అడ్డంగా పైన పెట్టారు. కూతురు కొత్త తోలు పరిచి, టేపుతో కొలిచి, సుద్దగీత గీసింది.

"ఇక్కడ కొయ్యి. సరిగ్గా ఇక్కడ."

"నాకు కళ్లున్నాయి."

ఆయన కత్తి తీసుకుని, గీత దగ్గర నాలుగు వేళ్లు ఆనించి, కోశాడు.

కోసిన ముక్క నేల మీద పడ్డాక గానీ ఏం చేశాడో ఆయనకే తెలియలేదు. బెత్తెడు తక్కువ. ఎవరూ చెప్పలేదు, ఆయన అనుకోలేదు, చెయ్యే చేసేసింది. పైగా కొడవలిలా వంకరగా కోశాడు, పడ్డ ముక్క అతకడానికి కూడా పనికిరాదు. దుకాణాలు ఆదివారం తెరవరు. మిల్లులో వేరే తోలు లేదు.

కూతురు తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన ఆ ముక్కని చేతిలో పట్టుకుని, పనిలోంచి తీసేసినవాడు కూర్చున్నట్టు దుంగ మీద కూర్చున్నాడు.

బామ్మర్ది లేచాడు. ఆ మనిషి తనంతట తాను లేవడం అరుదైన సంగతి. ఇంటికెళ్లి అక్కని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ చేతిలో మట్టి కొట్టుకుపోయిన బెత్తెడు తోలు ముక్క ఉంది.

"మంచం కోడు కిందది" అంది. "మిగతావన్నీ చివికిపోయాయండీ. ఇదొక్కటే మందంగా ఉంది. మన బరువుకి బాగా అణిగింది కూడా."

ఆయన ముక్క తీసుకుని, బెల్టు చివర వంకర సరిచేసి, ఆరెతో చిల్లులు పొడిచి, తోలు తాడుతో కుట్టడం మొదలుపెట్టాడు. జన్మలో మొదటిసారి బెల్టుకి బెత్తెడు కలిపాడు. సరిచెయ్యడంలో పోయిన రెండు వేళ్ల మేర మాత్రం దూలాన్నే కాస్త పైకి జరిపారు. కుట్టినంతసేపూ భార్య పక్కనే నిలబడి చూసింది. ఆయన చెయ్యి మళ్లీ కత్తి మీదకి పోకుండా అన్నట్టు.

ఇంజను తట్టి లేపారు. బెల్టు వదులు వైపు వేలాడింది. ఆ వేలాడడం చూడలేక ఆయన మొహం తిప్పుకున్నాడు. దూలం చివర బరువు కావాలి.

"మావయ్యా, దీని మీద కూర్చో."

బామ్మర్ది దూలం చివర, బెల్టుకి దూరంగా, తృప్తిగా కూర్చున్నాడు. బెల్టు చిన్న చక్రాన్ని చుట్టేసుకుంది. పలక తోశారు. జారలేదు. కానీ బేరింగు వేడెక్కింది.

"మావయ్యా, బరువు ఎక్కువైంది. సగం కూర్చో."

"కూర్చోమంటే కూర్చున్నానే అమ్మాయ్. సగం అంటే ఎలా?"

"ఒక కాలు నేల మీద ఆన్చు."

"బావా, నీ ఉద్యోగం నా కాలి మీద ఉంది" అన్నాడు బామ్మర్ది, ఒక కాలు ఆన్చుతూ.

"ఊరికే ఉండు" అన్నాడాయన. ఆ గొంతులో పెద్ద బిగువేమీ లేదు.

పలక తర్వాత పలక నున్నగా బయటికొచ్చింది. ఆయన బేరింగు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాడు. వేడిగా లేదు. గోరువెచ్చగా ఉంది. తీసి మళ్లీ ఆనించాడు. సాయంత్రం బామ్మర్ది బదులు దూలానికి రాళ్ల సంచి కట్టారు. బామ్మర్ది కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

సోమవారం మోటార్లాయన వచ్చి, మిషను నడుస్తుండగా చూసి, టీ తాగి వెళ్లిపోయాడు. ఓనరు బెల్టు వైపు చూసి, "ఇదేంటయ్యా, వేలాడుతోంది?" అన్నాడు.

"అలాగే ఉండాలండి" అన్నాడు బెత్తెడు. "వయసొచ్చేకొద్దీ నా బార పెరిగింది."

కూతురు తలుపు దగ్గర సుద్దరాతలు తుడుస్తోంది. ఆ మాట విని వెనక్కి తిరిగింది, మళ్లీ తలుపు వైపు తిరిగి తుడవసాగింది. ఉద్యోగం నాన్నది. అబద్ధం కూడా ఆయనదే ఉండనీ అనుకుందో ఏమో.

ఇంట్లో మంచం మాత్రం ఇప్పుడు ఊగుతోంది. కోడు కింద ఏదైనా పెట్టమని భార్య రెండుసార్లు అడిగింది. ఆయన పెట్టలేదు. తోలు ముక్కలు అయిపోయాయన్నాడు.