ఏడుపు వేషాలు

వయసులో ఉన్నన్నాళ్లూ నాటకాల్లో రాణి వేషాలు వేశాను. ఊరూరా పందిళ్లలో కిరీటం పెట్టుకుని గ్రాంథికం దంచేదాన్ని. ఒక్కరికీ గుర్తులేను. తెలంగాణ వచ్చాక మన యాసలో సినిమాలు పెరిగాయి, వాటిలో చావులూ పెరిగాయి. శవం మీద పడి రాగం తీసి ఏడ్చే ఆడమనిషి కావలసి వచ్చింది. వెండితెర మీద నాకు అలా చోటు దొరికింది. ఇక అందరూ నన్ను ఏడవడానికే పిలిచారు. నవ్వే వేషం ఒక్కటి ఇవ్వమంటే, మీ మొహానికి నవ్వు నప్పదండీ అన్నాడొక దర్శకుడు. వాడి మొహం!

ఏడుపు మాటలు ఎవరూ రాసివ్వరు. అమ్మ దగ్గర విన్నవే నాకు దిక్కు. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో ఎవరు పోయినా అమ్మ వెళ్లి, పోయినవాళ్ల మంచీచెడూ తలుచుకుంటూ రాగం తీసి ఏడ్చేది. మా అవ్వ చనిపోయినప్పుడు అమ్మ ఏడ్చిన మాటలే నా మొదటి సినిమాలో పెట్టాను. అది టీవీలో చూసి అమ్మ మురిసిపోయింది.

“నా ఏడుపంత తీస్కపోయి సినిమాల పెట్టినవ్. రేపు నేను పోతె ఏమని ఏడుస్తవే?” అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

పోయిన వానాకాలం అమ్మ కన్నుమూసింది. నేను హైదరాబాదు నుంచి వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టి, తనకిష్టమైన నారాయణపేట చీర కప్పి ఉంచారు. కాళ్ల మీద పడి, “నన్ను గన్న తల్లీ, ఎవలకు ఒప్పజెప్పి పోతివే” అని రాగం ఎత్తుకున్నాను.

వెనక ఎవరో పిల్ల, “అచ్చం సినిమాల లెక్కనే ఏడుస్తాంది!” అంది. రెండు మూడు ఫోన్లు పైకి లేచాయి.

నా గొంతు అక్కడే ఆగిపోయింది. మళ్లీ నోరు తెరిస్తే ప్రతి మాటా నాకే వేషంలా వినిపించింది. తెలిసిన మాటలన్నీ తెర మీద ఖర్చు పెట్టేశాను, అమ్మకని ఒక్కటీ మిగల్చలేదు. గోడకు ఆనుకుని పొడి కళ్లతో కూర్చున్నాను. “పైసలిస్తెనే ఏడుస్తదేమో,” అని మా మేనత్త గొణిగింది. మామూలుగానైతే ఆమెను దులిపేసేదాన్ని. ఆరోజు ఓపిక లేదు. దినాలయ్యేదాకా ఇంటినిండా చుట్టాలే, నాతో మాట్లాడినవాళ్లు లేరు. అంత ఒంటరితనం నాకు ఎన్నడూ తెలియదు.

తర్వాత కొన్నాళ్లకే ఆలేరు దగ్గర షూటింగు. మళ్లీ చావు సీనే. శవంగా పడుకున్నది ఎవరో ముసలామె, కూలికి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టు. అంతకుముందు ఆమెను నేను చూసి ఎరగను. కెమెరా తిరగగానే అవే మాటలు ఎత్తుకున్నాను. ఈసారి గొంతు ఆగలేదు. కట్ అన్నారు, చప్పట్లు కొట్టారు, లైట్లు ఆర్పి భోజనాలకు పోయారు. నేనింకా ఏడుస్తూనే ఉన్నాను.

ముసలామె కూడా లేచి అన్నానికి పోవలసిందే. పోలేదు. కళ్లు తెరవకుండానే మెల్లగా అంది:

“ఏడువు బిడ్డా. నీ ఏడ్చుడు అయ్యేదాక నేను లేవ.”