మెట్ల కింది మీటరు

మా వాటాల్లో అందరికీ ఆమె పెద్దక్కే. నడిమి అంతస్తులో ఒక్కతే ఉంటుంది. పైన పెద్ద తమ్ముడు, కింద చిన్న తమ్ముడు. గోడకు వేసే రంగు దగ్గర మాటామాటా పెరిగి వాళ్లిద్దరికీ మాటలు పోయాయి. అప్పట్నుంచీ పైమాట కిందికి, కిందిమాట పైకి పెద్దక్క గొంతులోంచే వెళ్లాలి.

"అక్కా, మోటారు కట్టేయమని వాడికి చెప్పు."

"అక్కా, చెప్పులు మెట్ల మీద విడవొద్దని ఆయనగారికి చెప్పు."

ఆ గొంతు బొంగురుపోయింది. లోపల కాయలాంటిదేదో లేచిందట. కొన్నాళ్లు నోరు విప్పకుండా ఉంటే కరుగుతుందని, లేదంటే కోయాల్సిందేనని, కోశాక పాత గొంతు వస్తుందో రాదో చెప్పలేనని డాక్టరమ్మ అంది. ఇదంతా పెద్దక్క ఫోన్‌లో టైపు చేసి నాకు చూపించింది.

ఆమె ఉద్యోగం నీళ్ల మీటర్లతో. ప్రతి మీటరూ తన రీడింగును దగ్గర్లోని ఇంకో మీటరుకు అందిస్తుంది. అది మరోదానికి. అలా చేతులు మారి ఆఫీసుకు చేరుతుంది. ఏది దేనికి అందించాలో వాటిని నడిపే ప్రోగ్రామే సొంతంగా నేర్చుకుంటుంది. త్వరగా చేరిస్తే మార్కులు. ఆ మార్కులు ఎలా వేయాలో చూసేది పెద్దక్క.

ఒక భవనంలో మీటర్లన్నీ మాటిమాటికీ మూగబోతున్నాయి. వెళ్లి చూస్తే మెట్ల కింది మీటరు బ్యాటరీ అయిపోయి ఉంది. సిగ్నల్ బాగా అందేది దానికే కాబట్టి ప్రోగ్రామ్ అందరి మూటలూ తెచ్చి దాని నెత్తిన పెట్టింది. వేగానికి మార్కులు వేసిన పెద్దక్కకు, మోసేదాని అలుపుకు మార్కులు కోయాలని తట్టలేదు.

"పాపం, పలికేదాన్నే పిండారన్నమాట," అన్నాను.

"చచ్చేదాకా కుయ్యిమనలేదు," అని టైపు చేసింది.

బ్యాటరీ తగ్గేకొద్దీ ఆ దారికి మార్కులు తగ్గేలా మార్చింది. మొదట్లో రీడింగులు ఆలస్యమయ్యాయి, మేనేజర్ చిరాకుపడ్డాడు. పోనుపోను మిగతా మీటర్లు చుట్టుదారులు వెతుక్కున్నాయి.

తమ్ముళ్లు మాత్రం ఆమెను వదల్లేదు. "నువ్వు మాట్లాడక్కర్లేదులే అక్కా, ఈ మెసేజ్ వాడికి పంపు చాలు!" ఒకరోజు హడావిడిలో అలవాటు కొద్దీ మెట్ల మీంచి కేక వేసేసింది. గొంతు భగ్గుమంది. ఇంకోసారి ఇలా చేస్తే కత్తే గతి అని డాక్టరమ్మ కసిరింది.

ఆదివారం మధ్యాహ్నం నేను పెద్దక్క ఇంట్లోనే ఉన్నాను. పైనుంచి మెసేజ్: ట్యాంకు నిండింది, కట్టమను. మోటారు స్విచ్చి ఉండేది కింద, చిన్న తమ్ముడి వరండాలో. పెద్దక్క చదివింది. ఫోన్ బోర్లా పెట్టింది. కాసేపటికి కిటికీ ముందు నుంచి నీళ్లు ధారగా పడసాగాయి. మెట్ల మీద దబదబా అడుగులు.

"చెవుడా నీకు? ట్యాంకు పొర్లుతోంది!"

"ఓహో, తమరికి నోరుందా! పడిపోయిందనుకున్నాం."

"ఆరేసిన బట్టలన్నీ ముద్దయ్యాయిరా!"

"ఎలాగూ ఉతకాల్సినవేగా అన్నయ్యా."

మరుక్షణం ఇద్దరూ పెద్దక్క గుమ్మంలో ఉన్నారు. "అక్కా, నువ్వే చెప్పు, తప్పెవరిది?"

పెద్దక్క గొంతు మీద వేలు పెట్టి చూపించింది. మెల్లగా తలుపు వేసేసి, వచ్చి కుర్చీలో చేరగిలపడింది.

తలుపవతల నుంచి వాళ్ల మాటలు వినిపించాయి.

"ముందు ఆ మోటారు కట్టరా."

"కడతాలే. నువ్వా చెప్పులు తియ్యి."

కిటికీ బయట ధార సన్నబడి ఆగిపోయింది. ఆ మాటే చెబుదామని ఇటు తిరిగాను. పెద్దక్క అప్పటికే నిద్రలో ఉంది.