టాటీబంధ్‌లో నేను ఏడవలేదు

ఇంగువ డబ్బా మూత తీస్తే చాలు, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. హిందీ ఊళ్లో, దేవేంద్ర నగర్‌లో ఉన్న మా నాన్న కొట్టు నిండా ఆ వాసనే. దాని కింద ఎండుమిరప ఘాటు, కొత్త ఆవకాయ నూనె, వేసవిలో డాబా మీద ఎండబెట్టి తెచ్చిన చల్లమిరపకాయల పులుపు, బస్తాల వెనక దాగుడుమూతలాడి తుమ్ముతో దొరికిపోయే నేను. రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చిన తెలుగు ఆడవాళ్లు అప్పడాల కట్ట పట్టుకుని బేరం మొదలుపెట్టగానే నాన్న నన్నెత్తి బల్ల మీద కూర్చోబెట్టేవాడు.

"ఈ గుంట నాలుగేళ్లప్పుడు టాటీబంధ్‌ లారీల అడ్డాలో తప్పిపోనాదమ్మా. లారీల మజ్జిన ఒకటే ఏడుపు. పరుగున ఎల్లి ఎత్తుకున్నాను."

"అయ్యో తల్లీ!" అంటూ వాళ్లు నా బుగ్గలు నిమిరేవాళ్లు. కళ్లు తడిసిన మనిషి గట్టిగా బేరమాడదు. మా నాన్న కనిపెట్టిన కిటుకది. నేనేం తక్కువ తిన్నానా? "ఒకటే ఏడుపు" దగ్గర సరిగ్గా పెదవి వణికించేదాన్ని. కట్ట అమ్ముడైతే నాకో నువ్వుజీడి ముక్క.

ఆ రోజు నేను ఏడవనేలేదు. సరుకు దించుకోవడానికి నాన్న అటు వెళితే, వేడెక్కిన లారీ చక్రం పక్కన నిలబడి, నేను చెయ్యెత్తితే నీడ చెయ్యెత్తడం చూశాను. ఇది నేను, నేనిక్కడున్నానని ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. మాటలు అప్పటివి కావు, ఆ ఎరుక అప్పటిదే. బళ్లో ఒక స్నేహితురాలికి చెప్పుకున్నాను కాబట్టి మాటలైనా మిగిలాయి. కళ్లలో ఉన్న ఆ దృశ్యం మాత్రం చెరిగిపోయింది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే లారీల మధ్య వెక్కివెక్కి ఏడుస్తున్న పిల్ల ముఖం కనిపిస్తుంది. నా కళ్లతో చూసిందైతే నా ముఖం నాకెలా కనిపిస్తుంది? కూరగాయల బండి దగ్గర ఒక్కో వంకాయనీ తిప్పితిప్పి చూసే నేను, ఈ నకిలీ సరుకును ఇన్నేళ్లు తలలో మోశాను!

మొన్నామధ్య నాన్న అదే కథ నా కూతురికి చెబుతుంటే ఆగలేకపోయాను.

"నేను ఏడవలేదు నాన్నా. నీడతో ఆడుకున్నాను."

"నాలుగేళ్ల గుంటవి, నీకేటి గుర్తుంటాదే? నీడంట! అది ఇని ఎవులు అప్పడాలు కొంతారు?"

"అంటే ఏడుపు నువ్వు కల్పించావా?"

"అరే, దుకాణ్‌దారీ అంటే అదే కదేటి!"

నా కూతురు నా కొంగు లాగింది. "నీడతో ఎలా ఆడావు మమ్మీ?"

చెప్పబోతే ఆ నీడ కళ్ల ముందుకు రాలేదు. టాటీబంధ్‌లో ఇప్పుడు ఆ లారీల అడ్డా లేదు, పైన వంతెన వచ్చేసింది. అడ్డా పోయిందని నాకు బెంగ లేదు. అక్కడ నిలబడిన పిల్ల ఏడవలేదని చెప్పడానికి నేనొక్కదాన్నే సాక్షిని. ఆ సాక్షికీ ఇప్పుడు ఏడుపే కనిపిస్తోంది.